నాలుగు గంటల లాప్‌టాప్

మూడో షాపులోనూ తమ్ముడు వంకలు పెట్టడం మొదలెట్టేసరికి అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. గోడ వారన స్పీకర్ల అట్టపెట్టె ఒకటి కనిపిస్తే, ఎవరినీ అడగకుండానే దాని మీద కూలబడింది. పొద్దున్న ఎనిమిది నుంచి కటింగ్ బల్ల దగ్గర నిలబడి వచ్చిన కాళ్ళవి. వాటికి మర్యాదలు గుర్తుండే వేళ కాదది.

"తెర మెరుస్తోంది," అన్నాడు తమ్ముడు లాప్‌టాప్‌ని అటూ ఇటూ వంచి చూస్తూ. "నా మంచానికి సరిగ్గా పైన ట్యూబ్‌లైటు ఉంటుంది. సినిమాలో చీకటి సీను వచ్చిందంటే నా మొహమే నాకు కనిపిస్తుంది. దాన్ని నాలుగు గంటలు చూడాలా?"

అతను చెప్పే మంచం ఇంట్లోది కాదు, ఆసుపత్రిలోది. ఎనిమిది నెలలుగా వారానికి మూడు మధ్యాహ్నాలు అతనికి డయాలసిస్. చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా మెషిన్‌లోకి తీసి, శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి పంపడానికి పట్టే సమయం నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ అక్క పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. సంపాదించేది ఆమె ఒక్కతే. అందుకని ఆ మూడు రోజులూ తెల్లవారుజామున నాలుగింటికే కుట్టుపని కార్ఖానాకు వెళ్ళి, పన్నెండుకల్లా ముగించుకుని, ఒంటిగంటకు ఆసుపత్రిలో ఉంటుంది. మనిషి అన్నాక ఎక్కడో ఒకచోట నిద్రపోవాలి కదా. ఆమె నిద్రపోయే చోటు ఈ లెక్కలో ఎక్కడా లేదు.

పోయిన వారం ఆ నిద్ర తన బాకీ తనే వసూలు చేసుకుంది. యూనిఫాం చొక్కాల ఆర్డరు. గుడ్డ పొరలను ఎదురెదురుగా పరిస్తే ఒకే కోతలో చొక్కాకు కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ రెండూ వస్తాయి. పని నేర్చుకున్న మొదటి నెలలో వచ్చే పాఠం అది. ఆమె అరవై పొరలూ ఒకే వైపు పరిచి, కత్తెర మిషను పెట్టి, గీత మీద గీత తప్పకుండా కోసింది. అన్నీ కుడి చేతులే వచ్చాయి. కార్ఖానా యజమానురాలు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇరవై రెండేళ్ళుగా నిన్ను చూస్తున్నాను. ఇంకోసారి ఇలా అయితే మాత్రం వేరే మనిషిని చూసుకోక తప్పదు," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అక్కకు లాప్‌టాప్ ఆలోచన వచ్చింది. "సినిమాలు చూసుకోవచ్చు, ఆటలు ఆడుకోవచ్చు, నీకూ కాలక్షేపంగా ఉంటుంది," అని చెప్పింది. చెప్పనిది ఒకటుంది. లాప్‌టాప్ వస్తే తను ఆ కుర్చీలోంచి లేచి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఈ మాట తమ్ముడితో ఎలా అనాలో తెలియక రోజూ వాయిదా వేస్తోంది. తోడుండవలసిన మనిషి బదులు ఒక సామాను కొనిస్తున్నానన్న సిగ్గు ఆమెను తినేస్తోంది.

"ఇది చూడండి సార్, దీని తెర మెరవదు," అంటూ షాపు అమ్మాయి ఇంకోటి తెచ్చింది. "గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది. పెద్ద ఆటలు కూడా ఆగకుండా నడుస్తాయి. ర్యామ్ పదహారు. స్పీకర్లు..." అని పాఠం ఒప్పజెప్పినట్టు ఏకరువు పెడుతోంది గానీ, కౌంటరు వెనక చెప్పులు విడిచి, ఒక పాదాన్ని ఇంకో పాదం మీద పెట్టుకుని నిలబడింది. అక్క అది గమనించి, అట్టపెట్టె మీద కొంచెం పక్కకు జరిగింది. అమ్మాయి నవ్వి తల అడ్డంగా ఊపింది.

"చీకటి సీను ఏదైనా పెట్టమ్మా," అన్నాడు తమ్ముడు.

అతను పాతికేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. అందరూ తెర మధ్యలో హీరోని చూస్తుంటే, ఆపరేటర్లు మూలలు చూస్తారట. నాలుగు మూలల్లో బొమ్మ పదునుగా ఉంటే మధ్యలో దానంతటదే ఉంటుందట. ఆ అలవాటు పుణ్యమా అని కొన్ని వందల సినిమాలు వేసిన ఈ మహానుభావుడు ఒక్క సినిమా కథ కూడా సరిగ్గా చెప్పలేడు. ఇప్పుడూ అంతే. షాపు అమ్మాయి నల్లటి సముద్రం మీద ఓడ వెళ్తున్న సీను పెడితే, ఓడను వదిలేసి కింద మూలలోకి వంగి చూస్తున్నాడు.

"నలుపు నలుపులా లేదు. బూడిదలా ఉంది," అన్నాడు.

మొదటి షాపులో ఫ్యాను చప్పుడన్నాడు. మెషిన్ మోత చాలదా, దీని మోత కూడా కావాలా అన్నాడు. రెండో షాపులో బరువన్నాడు. ఇక్కడ మెరుపైపోయింది, నలుపైపోయింది. ఇంకా బ్యాటరీ ఉంది, కీబోర్డు ఉంది, మూత ఉంది. వారం రోజులుగా ఇదే తంతు. అక్కకు ఒళ్ళు మండింది.

"నువ్వు వేసేది థియేటర్లో కాదురా. ఒళ్ళో పెట్టుకుని చూసుకునేదానికి ఇంత రాద్ధాంతం ఏంటి? ఇవాళ ఏదో ఒకటి తీసుకునే కదులుదాం. నావల్ల కావట్లేదు."

తమ్ముడు కాసేపు ఆ లాప్‌టాప్ మూత అంచును వేలితో రాస్తూ నిలబడ్డాడు. "సరే. ఆట ఒకటి పెట్టమ్మా, చూద్దాం. ఫుట్‌బాల్ ఉందా?"

ఫుట్‌బాల్ సంగతి అక్కకు తెలుసు. హాలు మూసేయకముందు బుకింగ్ కౌంటర్లో కూర్చునే ఆయన్ని అందరూ టికెట్ల బావ అనేవాళ్ళు. సినిమా మొదలై జనం లోపలికి వెళ్ళిపోయాక ఆయనా తమ్ముడూ ప్రొజెక్టర్ కేబిన్‌లో పాత కంప్యూటరు ముందు చేరి ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. ఇప్పుడు టికెట్ల బావ ఇంకో ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడు. "ఆటలు నడిచే లాప్‌టాప్ కొను. అక్కడ నువ్వు, ఇక్కడ నేను. నీ మెషిన్ ఆగేదాకా ఆడదాం," అని ఫోన్లో మాటిచ్చాడు. తమ్ముడు ఒంటరిగా ఉండడన్న ఆ ఒక్క ధైర్యంతోనే అక్క ఈ కొనుగోలుకు తెగించింది.

షాపు అమ్మాయి ఆట పెట్టింది. "ఎడమ చెయ్యి ఈ కీల మీద పెట్టండి సార్. మనిషిని పరిగెత్తించడానికి. కుడి చేత్తో బంతి తన్నాలి."

తమ్ముడు రెండు చేతులూ పెట్టాడు. ఆట మొదలైంది. తెర మీద చిన్న మనిషి పరిగెత్తాడు, బంతి అందుకున్నాడు. తమ్ముడి మొహం మీదికి చాలాకాలం తర్వాత ఒక నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు వచ్చినట్టే ఆగిపోయింది. అతను ఎడమ చేతిని కీల మీంచి తీసి, మడత విప్పి, బల్ల మీద తిన్నగా చాపి పెట్టాడు.

సూదులు గుచ్చేది ఆ చేతికే. నాలుగు గంటలూ దాన్ని కదపకూడదు, మడవకూడదు. ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి పక్కనే కూర్చున్న మనిషికీ, ఆ చెయ్యి ఉన్న మనిషికీ, మూడు షాపులు తిరిగేదాకా ఈ సంగతి తట్టలేదు. తెర మెరుపు చూశారు, ఫ్యాను మోత విన్నారు, మంచానికి అడ్డంగా వేసే బల్ల వెడల్పు టేపుతో కొలిచారు. చేతిని మాత్రం ఇద్దరూ మర్చిపోయారు.

"దాందేముందిరా, ఎడమ చేతి కీలు నేను నొక్కుతాను," అంది అక్క.

అనేశాక తెలిసింది ఏమన్నదో. ఏ కుర్చీలోంచి లేవడానికి ఇంత తిరుగుడు తిరిగిందో, మళ్ళీ అందులోనే వెళ్ళి కూర్చుంటానని తన నోటితోనే చెప్పింది.

"నువ్వు ఉండవుగా అక్కా," అన్నాడు తమ్ముడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాడు, అంతే.

షాపు అమ్మాయి ఛార్జరు వెతికే వంక మీద లోపలికి వెళ్ళిపోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అడిగింది అక్క.

"నువ్వు లాప్‌టాప్ అన్న రోజే. నీకు సినిమాలంటేనే పడదు. అలాంటిది నువ్వే కొనిస్తానంటే తెలియదా? అందుకే ఇన్ని వంకలు పెట్టాను. ఇది కొనకపోతే నువ్వు వస్తావుగా." అతను తల ఎత్తలేదు. "ఆ మెషిన్ మధ్యమధ్యలో కూత పెడుతుంది. నర్సు వచ్చేలోపు నాకు భయమేస్తుంది. ఇంత వయసొచ్చి భయమని ఎలా చెప్పను?"

అక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక దాచడానికి ఓపిక కూడా లేదు. కుడి చేతుల సంగతి మొదటి నుంచీ చెప్పింది. యజమానురాలి మాట కూడా చెప్పింది. "ఉద్యోగం పోతే మనం ఏం తింటామురా? నిలబడే నిద్రపోతున్నాను. కత్తెర మిషను పట్టుకుని నిద్రపోతున్నాను. ఈసారి గుడ్డ తెగుతుందో, నా వేళ్ళు తెగుతాయో తెలియదు."

తమ్ముడు చాలాసేపు ఆమె చేతులకేసి చూశాడు.

"నీ దగ్గరున్నవీ కుడి చేతులే, నాకు మిగిలేదీ కుడి చెయ్యే," అన్నాడు చివరికి. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, పూర్తిగా నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

అమ్మాయి తిరిగొచ్చాక అతనే అడిగాడు. "ఒంటిచేత్తో ఆడేది ఏముందమ్మా?"

"చదరంగం సార్. మౌస్ ఒక్కటి చాలు."

"టికెట్ల బావకు రాదు. నేర్చుకుంటాడులే. దీన్నే ప్యాక్ చెయ్యి."

"మరి నలుపు?" అంది అక్క.

"బూడిదే. అలవాటు పడతాను."

మంగళవారం ఒంటిగంటకు నర్సు సూదులు గుచ్చి వెళ్ళాక, అక్క బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెట్టింది. మౌస్ అతని కుడి చేతికి అందేలా జరిపింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు సర్దింది. సర్దిన గ్లాసునే మళ్ళీ సర్దింది. "వెళ్ళక్కా," అన్నాడు తమ్ముడు. ఆమె వెళ్ళింది. వార్డు తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే అతను తెరకేసే చూస్తున్నాడు. తనకేసి చూడకుండా ఉండడానికే అలా చూస్తున్నాడని ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద వాలింది. కాసేపు కునుకు తీసి ఫోన్ చేద్దామనుకుంది. కళ్ళు తెరిచేసరికి కిటికీలో వెలుతురు మారిపోయి ఉంది. వంటింట్లో చప్పుడవుతోంది. ఆసుపత్రి వ్యాను తమ్ముణ్ణి దింపేసి వెళ్ళిపోయినట్టుంది. అతను కుడి చేత్తో పాలు పొయ్యి మీద పెడుతున్నాడు. ఎడమ చేతికి పట్టీ ఉంది.

ఆమె గబుక్కున లేచి వెళ్ళింది. ఇంత నిద్రలో అతను ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"లేపొచ్చుగా," అంది తలుపు పట్టుకుని. "మెషిన్ కూత పెట్టిందా? భయమేసిందా? సినిమా ఎలా ఉంది? టికెట్ల బావ చదరంగం ఆడాడా?"

"ఏమో. పేర్లు పడుతుండగానే నిద్రపోయాను. నర్సు వచ్చి సూదులు తీసేదాకా తెలియలేదు. మెషిన్ ఎన్నిసార్లు అరిచిందో ఏమో." తమ్ముడు మంట తగ్గించి, కొంచెం సిగ్గుగా ఆమెకేసి చూశాడు. "నిజం చెప్పనా అక్కా? అక్కడ ఎనిమిది నెలలుగా నిద్ర ముంచుకొస్తూనే ఉంది. నువ్వు పని మానుకుని వచ్చి కూర్చుంటావు. నీ ఎదురుగా గురకపెట్టి పడుకుంటే ఏం బాగుంటుందని, చచ్చినట్టు మెలకువగా ఉండేవాణ్ణి."

అక్క అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది.

"నేనూ అందుకేరా, ఆ కుర్చీలో కునుకు తియ్యనిది," అంది.