లరూసీ వదులు చేసిన మర

ఆలివ్ ముద్ద పరిచి లరూసీ పేర్చిన చాపల దొంతర మీద ప్రెస్సు దిగితే ముద్దలో చివరి బొట్టు దాకా నూనె దిగాల్సిందేనని స్ఫాక్స్ ఊరి గానుగల్లో పేరు. ఇరవై ఆరేళ్ళ ఆ పేరు మూడు వారాల్లో మంటగలిసింది. పిప్పి ఇంకా జిడ్డోడుతుండగానే ప్రెస్సు చాలించుకుంటోంది. కాయలు తెచ్చిన రైతులు రొట్టె కొత్త నూనెలో ముంచుకు తింటూనే సణుగుతున్నారు.

"నీ చేతులకు వయసొచ్చిందయ్యా," అన్నాడు యజమాని హాజ్ తిజానీ, అందరి ముందే. "శనివారం నుంచి మహ్రెస్ ఊరి మేస్త్రీ వస్తాడు. నువ్విక ఇంట్లో కూర్చో."

లరూసీ తల వంచుకుని తర్వాతి చాప అందుకున్నాడు.

మధ్యాహ్నం మెకానిక్ నాసర్ వచ్చి ప్రెస్సు ఒత్తిడి మీటరు చూశాడు. "చేతులదేం తప్పులేదు హాజ్. ఒత్తిడి నాలుగొందలకి చేరాక తెరుచుకుని దాన్ని ఆపాల్సిన రిలీఫ్ వాల్వు రెండొందల యాభైకే తెరుచుకుంటోంది. దాని బిగింపు మర ఎవరో వదులు చేశారు."

"ఎవడు వాడు?"

"నేనే," అన్నాడు లరూసీ. "ఆవేళ దొంతర ఒరిగి మన కూలీ బూబకర్ భుజం విరిగింది కదా. పేర్చింది నేను. ఆ తర్వాత మీటరు ముల్లు మూడొందలు దాటబోతుంటే చూడలేక మర వదులు చేశా."

"ఓరి నీ! మూడు వారాలుగా తిడుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ముసలాడంటే పడొచ్చు హాజ్. భయపడ్డానని చెప్పుకోలేకపోయా."

నాసర్ లేచి నిలబడ్డాడు. "ఆవేళ ముల్లు ఎలా ఎక్కింది?"

"ఒక్క ఉదుటున."

నాసర్ పంపుల పక్కనున్న ఇంకో వాల్వు విప్పాడు. అది అన్‌లోడింగ్ వాల్వు. దొంతర కాస్త బిగియగానే పెద్ద పంపును తప్పించి, మిగతా ఒత్తిడిని నెమ్మదిగా పెంచే పని చిన్న పంపుకు అప్పగించాలి. లోపల ఇసుక రేణువు అడ్డం పడి అది కదలడం లేదు.

"పెద్ద పంపు తప్పుకోకుండా కుమ్మేసింది బాబాయ్. అలా కుమ్మితే ఎవరు పేర్చిన దొంతరైనా ఒరుగుతుంది."

"నా పేర్పు బాగానే ఉందా?" అన్నాడు లరూసీ. నాసర్ ఔనన్నా ఇంకోసారి అడిగాడు. ఈ మూడు వారాలూ బూబకర్ ఉండే వీధిలోకి అడుగుపెట్టని మనిషి అతను. అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చేశాడు.

వాల్వు శుభ్రమైంది. మర మళ్ళీ నాలుగొందలకు బిగిసింది. లరూసీ కొత్త దొంతర పేర్చాడు గానీ, ప్రెస్సు నడిపే మీట దగ్గరికి వెళ్ళకుండా చాపల అంచులే మళ్ళీ మళ్ళీ సర్దుతున్నాడు. అది చూసి హాజ్ తిజానీ గబగబా వెళ్ళి, ఆవేళ బూబకర్ నిలబడ్డ చోటే దొంతర పక్కన నిలబడ్డాడు.

"కానీయ్. నువ్వు పేర్చిందేగా, నాకేం భయం?"

లరూసీకి ఒళ్ళు మండిపోయింది.

"అక్కడెవరైనా నిలబడతారా హాజ్? బుద్ధుందా? ఇవతలికి రండి!"

గానుగంతా వినబడేలా అరిచాడు. యజమాని బుద్ధిగా ఇవతలికి వచ్చాక మీట నొక్కాడు.