ఫేడర్ మీద అత్తయ్య వేలు

కోడలు కుంచెతో ఫేడర్ సందులోని దుమ్ము దులుపుతోంది. పేరుకి రంగులేసే కుంచే గానీ, అది ఏనాడూ రంగు మొహం చూసిన పాపాన పోలేదు. కంప్యూటరు పక్కన అరచెయ్యంత పెట్టె, దాని మీద పైకీ కిందికీ జరిగే మీట ఒక్కటే. అదే ఫేడర్. దాని అడుగున మోటారు ఉంది. పాట నడుస్తుండగా వేలితో ఎలా జరిపితే గొంతు అలా పెరుగుతుంది, తగ్గుతుంది. కంప్యూటరు ఆ కదలికని గుర్తుపెట్టుకుని, మళ్ళీ పాట పెట్టినప్పుడు మీటని తనే జరుపుతుంది. మొదటిసారి చూసినప్పుడు అత్తయ్య బల్ల కిందికి వంగి, "లోపల ఎవరినైనా కూర్చోబెట్టావా ఏమిటే?" అని అడిగింది.

కోడలు ఇంట్లోనే పిల్లల పాఠాలు రికార్డు చేసి ఇస్తుంటుంది. ఈమధ్య వాటిని పక్కనపెట్టి అత్తయ్య జోలపాట పట్టుకుంది. అడిగింది ఆడపడుచు. పక్క వీధిలోనే ఉంటుంది. నెలల బిడ్డ ఎంతకీ నిద్రపోవడం లేదట.

"అమ్మ పాట పంపించు వదినా," అంది ఫోన్లో. అమ్మని పంపించమనలేదు.

బిడ్డని ఎత్తుకునే తీరు దగ్గర తల్లీకూతుళ్ళకి మాటా మాటా పెరిగింది. "నా బిడ్డని ఎలా ఎత్తుకోవాలో నాకు తెలుసు," అంది కూతురు. "అయితే ఇక నాతో పనేముంది," అని వచ్చేసింది తల్లి. అప్పట్నుంచి ఇద్దరూ మెట్టు దిగలేదు. ఈ పాట కూడా వెళ్ళకపోతే మాట కలపడానికి మరో వంక దొరకదని కోడలి బెంగ.

పాట బాగానే వచ్చింది. చిక్కల్లా ఒక్క చోటే. పైకెత్తి పాడే దగ్గర గొంతు కాస్త జీరపోయింది. దానికేం, బాగానే ఉందని కోడలు అలాగే ఉంచింది. కానీ మర్నాడు వింటే, సరిగ్గా అక్కడికొచ్చేసరికి గొంతే మాయం. సరిచేసింది. ఆ మర్నాడూ అంతే. వైరు మార్చింది, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేసింది. "పెట్టెకి పిచ్చెక్కింది, తిరిగిచ్చెయ్," అన్నాడు మొగుడు.

కోడలు కుంచె పక్కనపెట్టి పాట పెట్టింది. ఈసారి చెవులతో కాదు, కళ్ళతో విందామనుకుంది. ఆ చోటు రాబోతుండగా మీట మెల్లగా కిందికి దిగింది. జీర దాటేదాకా అక్కడే ఆగి, మొహమాటంగా మళ్ళీ పైకొచ్చింది.

చెడిపోయిన యంత్రం అలా ఆగదు. ఈ నడక తనకి తెలుసు. అత్తయ్య పెళ్ళికి ముందూ తర్వాతా కోరస్‌లో పాడేది. పై స్వరం వస్తే మైకు నుంచి సగం అడుగు వెనక్కి వేసేదట. "నా గొంతు ఒక్కటీ బయటపడితే ఇంటికి పంపేస్తారు మరి," అని నవ్వుతూ చెప్పేది.

వంటింట్లో అత్తయ్య కూరగాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, నేను బజారుకెళ్ళినప్పుడు పాట పెట్టుకుని వింటున్నారా?"

"వినకూడదా? బొత్తాం నువ్వేగా చూపించావు."

"వినొచ్చు. మీట కూడా జరుపుతున్నారా?"

కత్తి ఆగింది. "అక్కడ నా గొంతు నేనే వినలేకపోయానే. రేడియోలా కాస్త తగ్గించుకున్నాను, అంతే. ఆ చోటు దాటగానే మళ్ళీ పెంచేశానుగా. అది నా చెయ్యిని గుర్తుపెట్టుకుంటుందని నాకేం తెలుసు?"

"మనిద్దరికంటే దానికే జ్ఞాపకం ఎక్కువ."

"అయితే అలాగే పంపెయ్. వినబడకపోతేనే నయం. ఆ పగిలిన గొంతు వింటే పసిది జడుసుకుంటుంది."

కోడలు ఆవిడ తడిచెయ్యి తన కొంగుకే తుడిచి, బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ వేలు మీట మీద పెట్టి, దాని మీద తన వేలు ఆనించింది. "ఈసారి వెనక్కి జరక్కండి."

పాట మొదలైంది. ఆ చోటు దగ్గరపడేకొద్దీ కింది వేలు జారబోయింది. పై వేలు బలవంతం చెయ్యలేదు, ఊరికే అంటిపెట్టుకుని ఉంది. జీర వచ్చింది, వెళ్ళింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది గానీ వేలు దించలేదు.

"పంపనా?"

"నీ ఇష్టం," అంది, కళ్ళు తెరవకుండానే.

కోడలు పంపింది. అత్తయ్య లేచి వెళ్ళలేదు. ఫోను వంక చూడనట్టే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆడపడుచు వాయిస్ మెసేజ్ వచ్చింది. కోడలు నొక్కగానే గొంతు ఇద్దరికీ వినబడింది, పక్కన బిడ్డ ఉన్నందుకేమో గుసగుసగా.

"వదినా, ఇది ఇంకా కళ్ళు మిటకరిస్తూనే ఉంది. నాకే నిద్ర ముంచుకొచ్చింది. అమ్మ గొంతు అక్కడ అప్పుడూ అంతే, జీరపోయేది. చిన్నప్పుడు ఆ చోటు వచ్చేదాకా మేలుకునుండి, అది విన్నాక పడుకునేదాన్ని. మా అమ్మకి చెప్పకు, ఉబ్బిపోతుంది."

కోడలు నాలిక కరుచుకుంది.

"మళ్ళీ పెట్టు," అంది అత్తయ్య.

కోడలు ఆ మెసేజ్ మళ్ళీ పెట్టింది. అత్తయ్య చివరిదాకా విని, చెదిరిన జుట్టు సర్దుకుని లేచింది. వాకిట్లో చెప్పులు వెతుక్కుని, పక్క వీధివైపు నడిచింది.