ఇన్‌కంటాక్స్ పక్షవాతం

భద్రాచలంలో బ్యాంకు హెడ్ క్యాషియర్‌గా చేసే వెంకటప్పయ్యకు, జీతంలోంచి పోయే ఇన్‌కంటాక్స్ తలుచుకుంటే అన్నం సహించేది కాదు. కాలూచెయ్యీ పడిపోయిన తల్లిదండ్రులకు వైద్యం చేయించేవాళ్లకు పన్నులో మినహాయింపు ఉందని ఆ ఏడు తెలిసింది. తల్లి ఉంది. మంచం ఉంది. రెంటినీ కలపడమే మిగిలింది. తెలిసిన డాక్టరు ఒకాయన మొహమాటానికి పోయి, తల్లి పద్మావతమ్మకు పోయినేడే కుడిపక్క పూర్తిగా పడిపోయిందని సర్టిఫికెట్ రాసిచ్చాడు.

ఆ పడిపోయిన చేత్తోనే పద్మావతమ్మ రోజూ పెరట్లో కట్టెలు కొట్టేది. మధిర దగ్గర పొలం అమ్ముకుని కొడుకు పంచన చేరిన మనిషి. తెల్లారకముందే లేచి నీళ్లు తోడి, అంట్లు తోమి, కోడలు హైమ లేచేసరికి కాఫీ కాచేది. నీ ఒంట్లో ఎలా ఉందని ఆ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

సర్టిఫికెట్ చూసిన మేనేజరు జాలిగుండె మనిషి. ఆదివారం పొద్దున్నే బత్తాయిలు కొనుక్కుని, భార్యతో సహా పలకరించడానికి బయల్దేరాడు. వీధి మలుపులో వాళ్లను చూడగానే వెంకటప్పయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. అబద్ధం బయటపడితే ఉద్యోగానికే ముప్పు. పెరట్లోకి పరుగెత్తి తల్లి చేతిలో గొడ్డలి లాక్కున్నాడు.

"అమ్మా, జల్దీ పోయి పండుకో. నీకు పక్షవాతం!"

"నాకా? ఎప్పుడొచ్చిందిరా?"

"పోయినేడే వచ్చింది. ముందు నడువు!"

పక్షవాతం మనిషి గబగబా నడిచి వెళ్లి మంచమెక్కింది.

మేనేజరు భార్య ఆమె చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. హైమ అత్తగారి తల తన ఒళ్లో పెట్టుకుని బత్తాయిరసం తాగించింది. వెంకటప్పయ్య కుడికాలు నొక్కాడు. మేనేజరు చూస్తున్నాడు కాబట్టి మరీ ఒద్దికగా నొక్కాడు.

"మీలాంటి కొడుకు అందరికీ ఉండాలండీ," అని మెచ్చుకుని వాళ్లు వెళ్లిపోయారు.

వెంకటప్పయ్య తలుపేసి వచ్చి, "గండం గడిచింది, ఇంక లేమ్మా," అన్నాడు.

పద్మావతమ్మ కదల్లేదు.

"పొయ్యిలోకి కట్టెలు లేవత్తయ్యా," అంది హైమ.

"కుడిచెయ్యి లేస్తలేదే."

వెంకటప్పయ్యకు ఒళ్లు మండింది. "ఏందమ్మా ఈ నాటకం? వాళ్లు పోయిండ్రు గద!"

"నువ్వు గింతసేపు నా పక్కన కూసోని ఎన్నేండ్లయిందిరా?" అందామె నెమ్మదిగా. "కాలూచెయ్యీ మంచిగున్నప్పుడు నేను నీ కంటికి ఆనలే. నాకు ఈ జబ్బే బాగుంది."

వెంకటప్పయ్యకు నిజంగానే సిగ్గేసింది. మంచం అంచున కూలబడ్డాడు.

పద్మావతమ్మ రెండో కాలు కూడా చాపింది.

"ఇది గూడ గుంజుతుందిరా. నొక్కు."