ఎండ అంటని వాళ్ళు

పొద్దున ఏడింటికి మేస్త్రీ అందర్నీ వరసలో నిలబెట్టి మాత్రలు పంచేవాడు.

"మింగు. నోరు తెరువు. నాలుకెత్తు."

అందరి నోళ్ళూ చూశాకే రంగు డబ్బాలు దించేవాళ్ళు. రోడ్డు మీద తెల్లగీతలు వేసే పని. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటిదాకా విరామం కావాలని ఏడేళ్ళ కింద జట్టంతా అడిగితే, కంపెనీ ఈ మాత్రలిచ్చింది. ఎండకు చర్మం ముడతలు పడకుండా కాపాడతాయట. విరామం అడిగిన నోటిని మాత్రతో మూసింది. 'ఎండలో ఎక్కువసేపు ఉండరాదు' అని మాత్రల డబ్బా మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. చదివే తీరిక ఎవరికుంది?

మాత్రలు మాత్రం పనిచేశాయి. రెండో ఏడు నుంచి ఎండ వాళ్ళని ముట్టుకోవడం మానేసింది. ఒక్కొక్కరి చుట్టూ జానెడు మసక. పడనివాళ్ళు ఎదురైతే సందు తిరిగినట్టు, వెలుగు అక్కడిదాకా వచ్చి పక్కకి తప్పుకునేది. జట్టులో అందరూ పెద్దకోడలని పిలిచే ఆమెకి నలభై ఆరేళ్ళు. ముఖం మాత్రం పాతికకి వెనక్కెళ్ళింది.

"నీ కూతురికి చెల్లెల్లా ఉన్నావే" అని జట్టులో ముసలాయన వేళాకోళం చేసేవాడు.

ఆమె నవ్వేది కాదు. వేడీ తెలియదు, చలీ తెలియదు. కూతురి నుదుటి మీద చెయ్యి పెడితే జ్వరమో కాదో తెలియక థర్మామీటర్ కొనుక్కుంది.

ఆమె తోటికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు, పనిలో చేరి ఆవేళ మూడో రోజు. మాత్ర ఇంకా ఒంటికి పట్టలేదు. పన్నెండున్నరకి గీత వంకరపోకుండా దారం పట్టుకుని నడుస్తూ, "అక్కా, కళ్ళు తిరుగుతున్నాయ్" అంది.

"ఇంకో రెండు గీతలే. కానియ్."

రెండో గీత మధ్యలో పడిపోయింది.

పెద్దకోడలు ఆమె బుగ్గ తాకింది. కాలుతోందో లేదో చేతికి తెలియలేదు. "కళ్ళు తెరువే. నీ పిల్లాడికి నేనేం చెప్పను?" అంటూ మీదికి వంగింది. తన జానెడు మసక ఆ ముఖానికే సరిపోయింది. ఒళ్ళంతా ఎండలోనే ఉంది. కనుచూపు మేరలో చెట్టు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడే కొట్టేశారు.

"గీత ఆరితే అతుకు పడుతుంది! లేవండి!" మేస్త్రీ అరిచాడు.

ముసలాయన కుంచె కింద పెట్టాడు. వచ్చి పెద్దకోడలికి భుజం ఆనించి కూర్చున్నాడు. రెండు మసకలూ కలిసి పడిపోయినామె నడుం దాకా పరుచుకున్నాయి.

"ఇదేంటయ్యా?" అంది పెద్దకోడలు.

"ఏమో. జరుగు."

ఇంకొకడు వచ్చాడు. తర్వాత మిగతా పద్నాలుగు మందీ. ఏడేళ్ళూ గజానికొకరుగా నిలబెట్టి పనిచేయించారు గనక మసకలు కలిస్తే పెరుగుతాయన్న సంగతి ఎవరికీ తెలియలేదు. నడిరోడ్డు మీద పందిరి వేసినట్టయింది. నీళ్ళ సీసా ఒకటి, తడిగుడ్డ ఒకటి చేతులు మారుతూ లోపలికి వెళ్ళాయి.

"మాత్రలిచ్చాం కదరా!" మేస్త్రీ గొంతు చిరిగింది. "ఇంకేం కావాలి మీకు?"

ఏం కావాలో ఏడేళ్ళ కిందే చెప్పారు.

చాలాసేపటికి చిన్నకోడలు దగ్గింది.

"నా చెప్పు ఏదక్కా?"

"ఉందిలే. పడుకో."

రోడ్డుకి అవతలి పక్క వాహనాలు హారన్లు కొడుతూ పోయాయి. మధ్యాహ్నం రెండు దాటేదాకా ఒక్కరూ లేవలేదు.