గోడలకే చట్టం

యజమాని పంపిన బుల్డోజరు తొలి దెబ్బకే మిల్లు కార్మికుల బ్యారక్‌లో చివరి గది కుప్పకూలింది. ఆ ఇంటావిడ పసిబిడ్డను చంకనేసుకుని బయటపడింది కాబట్టి సరిపోయింది. రెండో దెబ్బ పడకముందే సైరన్ పెద్దమ్మ వెళ్లి యంత్రానికి అడ్డంగా కూర్చుంది.

"నా మీద నుంచి పోనియ్యరా చూద్దాం!"

మిల్లు మూతపడ్డాక సైరన్ కూత ఆగింది గానీ ఆమె గొంతు ఆగలేదు. ఆ కేకకు బ్యారక్ బ్యారకంతా బిలబిలమంటూ వచ్చేసింది. యంత్రం వెనక్కి మళ్లింది.

ఆ సాయంత్రం వాకిట్లో మీటింగు పెట్టారు. పెద్దమ్మ చెల్లెలి కొడుకు ప్లీడరు. ఇక్కడే పుట్టి, తల్లి పోతే ఈమె చేతుల్లోనే పెరిగాడు. దారి చెప్పిందీ అతనే.

"చారిత్రక కట్టడమని కోర్టు చేత ఒప్పిస్తే ఒక్క ఇటుక కూడా కదపలేరు. చట్టముంది."

మీసాల మెకానిక్ లేచాడు. "గోడల కోసమా మన కొట్లాట? ఇళ్లు మావని రాయించు ముందు."

"ముందు గోడలు నిలవనీ మామా. ఇళ్లెక్కడికి పోతాయి?"

గొడవ ముదిరింది. పెద్దమ్మే సర్దింది. "వాడు నా బిడ్డరా. వాడి మాటకు నేను పూచీ."

ధర్నాలు చేశారు. లాఠీలు తిన్నారు. సమ్మె రోజుల్లో ఈ వాకిట్లోనే తూటాలకు నేలకొరిగినవాళ్ల గురించి ముసలివాళ్లు కోర్టుబోనెక్కి చెప్పారు. కేసు గెలిచారు. ప్లీడరును భుజాల మీద ఊరేగించారు.

ఆ సంబరం చల్లారకముందే అధికారులు గోడకు బోర్డు కొట్టారు. పొయ్యిల పొగ కట్టడానికి చేటట. కాపురాలు ఉండకూడదట. గదులన్నీ బాగుచేసి అతిథిగృహం పెడతారట. దాన్ని నడిపే ట్రస్టుకు అధ్యక్షుడు మిల్లు పాత యజమానే. న్యాయ సలహాదారు ప్లీడరు.

పెద్దమ్మ నేరుగా అతని ఆఫీసుకు వెళ్లింది.

"నీకు ముందే తెలుసా?"

"ఇళ్ల సంగతి ఎత్తితే కేసు నిలిచేది కాదు పెద్దమ్మా. ఊరవతల గదులిస్తామన్నారు..."

"తెలుసా, తెలీదా?"

అతను తల దించుకున్నాడు. కన్నబిడ్డే కత్తి దూసినట్టయింది ఆమెకు. ఆమె గొంతు మూగబోవడం అదే మొదటిసారి.

వాకిట్లోకి వచ్చి జనం ముందు నిలబడింది. "పూచీ పడింది నేను. తిట్టండి, పడతా."

"నిన్ను తిడితే కొంపలు నిలుస్తాయా అక్కా?" అన్నాడు మెకానిక్. "ఏం చేద్దామో చెప్పు."

"కదలొద్దు. పొయ్యిలు ఆర్పొద్దు. ఈసారి ఎవడి నోటితోనూ కాదు, మన నోటితోనే అడుగుదాం."

ఖాళీ చేయించే రోజు పోలీసులు దిగారు. మంచాలూ పెట్టెలూ వాకిట్లోకి విసిరారు. గోడలు బాగుచెయ్యడానికి ట్రస్టు పిలిపించిన తాపీ మేస్త్రీలు పరంజా మీద నుంచి అంతా చూశారు.

"చూస్తారేంటి, పని మొదలెట్టండి!" అరిచాడు కాంట్రాక్టరు.

"మనుషుల్ని గెంటేసిన గదులకు మేం సున్నం కొట్టం," అని పెద్ద మేస్త్రీ కిందికి దిగాడు. మిగతావాళ్లూ దిగారు.

పెద్దమ్మను ఈడ్చుకుపోతుంటే ప్లీడరు అడ్డొచ్చాడు. "పెద్దమ్మా, బెయిలు నేను తెస్తా."

"నువ్వు గోడల ప్లీడరువి. వాటికే తెచ్చుకో!"

ఆమె వెనకే మెకానిక్ పోలీసు వ్యాన్ ఎక్కాడు. అతని వెనక ఆడవాళ్లు, ముసలివాళ్లు, అందరూ ఎగబడి ఎక్కారు. వ్యాన్లు చాలలేదు. ఎక్కలేకపోయినవాళ్లు తమ మంచాలు తామే ఎత్తుకుని మళ్లీ గదుల్లోకి నడిచారు. మంచాల రెండో కొసకు మేస్త్రీలు చెయ్యేశారు.