మిగిలిన జత చెప్పులు

క్వారీలో రాయి పేల్చేముందు, గోతిలోకి దిగినవాళ్ళంతా పైకొచ్చారో లేదో చూడాలి. దిగేటప్పుడు కార్డు గీకుతారు, ఎక్కాక మళ్ళీ గీకుతారు. ఆ రెండు జాబితాలూ సరిచూసి పచ్చదీపం వెలిగించే ప్రోగ్రాం రాసింది మా మనవరాలే. నాది గట్టుమీద చెప్పుల కాపలా. బూట్లు తొడుక్కుని దిగేవాళ్ళు చెప్పులు నా దగ్గర విడుస్తారు, పైకొచ్చాక వేసుకుపోతారు.

ఆ రోజు పచ్చదీపం వెలిగింది. నా ముందు ఒక జత మిగిలింది. తెగిన పట్టీకి ఎర్రవైరు చుట్టి ఉంది. మా అల్లుడివి. మనవరాలి తండ్రివి.

"మే... మేస్త్రీ," అన్నాను. నా మాట పుట్టుకతోనే నిదానం.

"ఏంటి తాతా, సాయంత్రానికైనా పూర్తవుద్దా?" పేల్చే మేస్త్రీ నవ్వుతూ మందుగుండుకి తీగ వెళ్ళే పెట్టె మీట పట్టుకున్నాడు.

"అ... అల్లు..."

"వచ్చే ఉంటాడులే. నీ కళ్ళకంటే కంప్యూటర్ నయం. జరుగు!"

ఇక మాటతో పనికాదని పెట్టెమీద పడి, తీగ ఊడబెరికి పిడికిట్లో చుట్టుకున్నాను.

"తీగ ఇయ్యరా ముసలోడా! రోడ్డుమీద లారీలు ఆగున్నాయి!"

దవడమీద గుద్దాడు. లోపల ఎముక పటుక్కుమంది. ఇవ్వలేదు. బూటుకాలితో వేళ్ళు తొక్కాడు. ఇవ్వలేదు. ఇనపరాడ్డు తీసుకుని మోకాలిమీద, వీపుమీద బాదాడు. నేను అతని పిక్క పట్టి కరిచాను. అతని నెత్తురో నాదో, నోరంతా ఉప్పగా అయింది. రాడ్డు నా తలమీదికి లేచింది.

"మామయ్యా!"

రాతిలో ఇరుక్కుపోయిన డ్రిల్లు ఊడదీసి ఈడ్చుకుంటూ అల్లుడు అప్పుడే గట్టెక్కాడు. మేస్త్రీ చేతిలోంచి రాడ్డు జారింది. అల్లుడు దాన్నే అందుకుని అతని భుజం విరగ్గొట్టాడు. "మా మామయ్యనే కొడతావురా!" అంటూ మళ్ళీ ఎత్తాడు.

ఆపరా అందామంటే దవడ కదల్లేదు. పాక్కుంటూ వెళ్ళి చెప్పులు అతని కాళ్ళ దగ్గరికి నెట్టాను. అల్లుడు వాటిని చూశాడు. ఇంకా వెలుగుతున్న దీపాన్ని చూశాడు. రాడ్డు కింద పడేశాడు.

మనవరాలు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చింది. దీపం చూసి నా పక్కన నేలమీద కూర్చుంది.

"కంప్యూటర్ని తిరగేసి అడిగాను తాతయ్యా. పైకొచ్చినవాళ్ళంతా దిగినవాళ్ళలో ఉన్నారా అని అడిగాను. ఒక్కడు పైకొచ్చినా అవుననే చెప్తుంది. దిగినవాళ్ళంతా పైకొచ్చినవాళ్ళలో ఉన్నారా అని కదా అడగాలి!"

పిడికిట్లో తీగ ఇంకా అలాగే ఉంది. విప్పి ఆమె చేతిలో పెట్టాను.