విసుర్రాయి ఓడెక్కింది

వత్తల్‌మలై కొండ మీద నుంచి విసుర్రాయి దింపేసరికి నా భుజం కమిలిపోయింది. పైరాయి ఒక గోనెసంచిలో, కిందిరాయి ఇంకొక దాంట్లో. ఒకటి కొంత దూరం దింపి చెట్టు కింద పెట్టడం, మళ్ళీ పైకెక్కి రెండోది తేవడం. ఆ రోజు కొండ బస్సు రాలేదు. నా ముందు నా పెండ్లాం ఇళవరసి చేతులూపుకుంటూ నడిచింది. కొండ పిల్ల. రాళ్ళ మీద కాలు పెట్టేముందు కిందికి చూడదు.

“ఓడలో దీనికి కూడా టికెట్టు అడుగుతారేమో,” అన్నాను.

“అడిగితే నీ టికెట్టు దానికిచ్చి నువ్వు ఈదుకుంటా రా మామా.”

మేము అండమాన్‌కు పోతున్నాము. పని చూసుకోవడానికి, కుదిరితే అక్కడే ఉండిపోవడానికి.

మాది తమిళనాడులో ధర్మపురి పక్కన ఇండూరు, తాతలు రాళ్ళు కొట్టేవాళ్ళు. నేను హొగేనకల్‌లో పరిసల్ తోలుతాను. వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పుట్టి అది. కావేరిలో నీళ్ళు ఎక్కువ వస్తే పరిసల్ ఆపేస్తారు. మరీ తక్కువైతే అదే ఆగిపోతుంది. అలాంటప్పుడు బెంగళూరు పోయి ఇటుకలు మోస్తాను.

పోయిన వేసవిలో తిలగవతి అక్క నా పరిసల్ ఎక్కింది. జలపాతం కింద పుట్టిని గిర్రున తిప్పితే అందరూ అరుస్తారు, అంచు పట్టుకుంటారు. ఆమె మాత్రం “ఇంకొక సుట్టు తిప్పు” అంది. దిగి, జుట్టు పిండుకుంటూ, “సముద్రంలో తోలుతావా?” అని అడిగింది.

ఆమె అవ్వది మా జిల్లాలోనే తుంబలహళ్లి. అక్క చిన్నప్పుడే పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిపోయిన కుటుంబం. ఇప్పుడు ఒక చిన్న దీవిలో యాత్రికులకు కుటీరాలు నడుపుతోంది. సగం తమిళం, సగం తెలుగు కలిపి చెప్పింది.

“దీవి సుట్టూ పగడాల గట్టు ఉండాది. దాని లోపల సముద్రం చెరువు మాదిరి నిలబడి ఉంటుంది. మోటారు సద్దు వద్దనే జనం శానామంది వస్తారు. నువ్వు పరిసల్ తోలు. నీ పెండ్లాం కొండ పిల్ల అంటివి కదా, అడివిలో నడిపించనీ. ఒక తూరి నన్నెక్కించుకొని తోలి చూపించు. నాకు నచ్చితే పని మీది, ఇల్లు మీది. నచ్చకపోతే మళ్ళీ వచ్చే ఓడలో తిరిగి పోవాల.”

ఇంటికి వచ్చి ఇళవరసితో చెప్పాను. “అండమాన్‌కు పిలుస్తా ఉండారు.”

ఎవరు, ఎందుకు, ఎక్కడ అని అడగలేదు. బట్టలారేసిన తాడు విప్పడం మొదలుపెట్టింది.

“అది ఎందుకు విప్పుతావు?”

“పెట్టె కట్టొద్దా?”

పెట్టె ఇంకా కొననే లేదు. మా ఇద్దరిలో ఎవరమూ సముద్రం చూసినవాళ్ళం కాదు.

విసుర్రాయి సంగతి ఇళవరసి వాళ్ళ అవ్వ పెరుమాయి తెచ్చింది. కొండ మీద వాళ్ళకొక పద్ధతి ఉంది. కొత్త పొయ్యి మీద మొదటి సంకటి అంగడి పిండితో చేయరు. ఆడపిల్ల తన రాతి మీద తానే రాగులు విసరాలి. ఆ పిండితో సంకటి కెలికి ఇద్దరూ తింటేనే అది వాళ్ళ ఇల్లు.

“ఆడ రాళ్ళుండవా అవ్వా?” అన్నాను.

“ఉంటాయి. వాటికి మా రాగులు తెలుసా?” అంది పెరుమాయి.

ఇళవరసి అప్పటికే రాయి మీద దుమ్ము తుడుస్తోంది. నేను గోనెసంచులు వెతికాను.

ధర్మపురి బస్టాండులో కండక్టరు ఆ సంచులు చూసి ముఖం తిప్పుకున్నాడు. చెన్నై రేవులో కూలి ఒకడు ఎత్తబోయి దించేశాడు. “ఏందమ్మా ఇది, ఇల్లే కట్టుకొని వస్తివా?” అని తమిళంలో అడిగాడు.

“ఇల్లు ఆడ ఉండాది అన్నా. ఇది వంటిల్లు,” అంది ఇళవరసి.

వాడు నవ్వి, చివరికి సంచులు తానే ఓడ మెట్ల దాకా మోసి పెట్టాడు.

ఓడ కదిలాక ఆమె పై అంతస్తు నుంచి దిగలేదు. గాలికి చీర కొంగు నిలవకపోతే నడుముకు బిగించి కట్టింది. నీళ్ళలో నుంచి చేపలు లేచి, రెక్కలు చాచి, కొంతదూరం ఎగిరి మళ్ళీ పడ్డాయి.

“మామా, అది చేపేనా?”

“చేపే.”

“ఎగిరింది కదా.”

“ఎగిరింది.”

“ఇంకా రెండు మాటలు మాట్లాడితే నోరేమీ అరిగిపోదు.”

నేను నీళ్ళను చూస్తున్నాను. నది అయితే చూడగానే ఎటు పోతోందో తెలుస్తుంది. ఇది ఎటు పోతోందో ఎంత చూసినా తెలియలేదు. అన్ని వైపులా కదులుతోంది, ఎక్కడికీ పోవడం లేదు. ఒడ్డు లేని నీళ్ళు చూడడం నాకదే మొదలు. భయం వేయలేదు. ఆ నీళ్ళలోకి తెడ్డు దించితే చేతికి ఎలా ఉంటుందో చూడాలని మాత్రం అరచేతులు దురద పెట్టాయి.

పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో చిన్న ఓడ ఎక్కి దీవికి చేరాము. మాకు చూపించిన ఇల్లు చెక్కది, పైన రేకులు. కిటికీ తెరిస్తే కొబ్బరి చెట్ల నడుమ నీళ్ళు. అంత పచ్చటి నీళ్ళు కావేరిలో ఎప్పుడూ చూడలేదు. శంఖం మోసుకుంటూ ఒక చిన్న పీత గడప దాటి లోపలికి వచ్చింది. ఇళవరసి దానికి దారి ఇచ్చి, రెండో గుమ్మం దాకా వెంట పోయి సాగనంపింది.

విసుర్రాయిని మాత్రం సంచిలో నుంచి తీయలేదు.

“ఇసురు. సంకటి తినాలని ఉండాది,” అన్నాను.

“ఇల్లు మనదని అక్క చెప్పనీ. అంతదాకా అది సంచిలోనే ఉంటుంది. తిరిగి మోయాల్సి వస్తే కట్టిన ముడి ఎందుకు విప్పేది?”

అన్నం తిలగవతి అక్క వంటశాలలోనే తిన్నాము. పొద్దున లేస్తే ఇళవరసి అడవిలోకి పోయేది. బురద కాళ్ళతో వచ్చి, పది మంది చేతులు కలిపినా అందని మానుల గురించి, రంగు రంగుల పావురాల గురించి, కొండ శిఖరం నుంచి రెండు వైపులా సముద్రం కనిపించే చోటు గురించి చెప్పేది. అప్పుడే యాత్రికుల్ని ఎక్కడ కూర్చోబెట్టి నీళ్ళు తాగించాలో కూడా ఎంచి పెట్టుకుంది. నేను వెదురు చీల్చి పుట్టి అల్లాను. అల్లుతుంటే ఆమె మాట్లాడుతూనే ఉండేది. తిరిగి పోవాల్సి వస్తే ఈ మాటలన్నీ ఏం చేసుకుంటుంది అని ఒకసారి అనుకున్నాను. బద్ద ఇంకా గట్టిగా బిగించాను.

పరీక్ష రోజు వచ్చింది.

హొగేనకల్‌లో మాకొక అలవాటు. పొద్దున్నే నీటి అంచున గులకరాయి పెడతాము. టీ తాగి వచ్చి చూస్తాము. రాయి మునిగిందంటే పైన నీళ్ళు వదిలారని అర్థం, పుట్టి దించము. రాయి అంచునే ఉందంటే ఆ పూటకు నది నిలకడగా ఉన్నట్టు. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేస్తాను. దీవిలోనూ ఆ రోజు గులకరాయి పెట్టాను. టీ తాగి వచ్చి చూశాను. నీళ్ళు రాయిని తాకుతూ, ఎక్కడివక్కడే ఉన్నాయి.

“నీళ్ళు బాగుండాయి అక్కా. ఫోను ఒడ్డున పెట్టి రా, తడుస్తుంది,” అన్నాను.

తిలగవతి అక్క ఫోను బల్ల మీద పెట్టి, లైఫ్ జాకెట్టు కట్టుకుని ఎక్కింది. ఆమె మోటారు బోటు కొత్త యాత్రికుల్ని తేవడానికి అప్పుడే రేవుకు పోయింది, సాయంత్రానికి గానీ రాదు. పుట్టి తేలికగా ఉంది, గాలికి ఊరికే తిరుగుతోంది. “నువ్వూ ఎక్కు,” అన్నాను ఇళవరసితో. ఆమె ఎక్కినా బరువు చాలలేదు.

“ఉండు,” అని ఇంట్లోకి పోయింది. పైరాయి సంచిని రొమ్ముకు ఆనించుకుని వచ్చింది. “ధర్మపురి నుంచి మోసినానని రోజూ నన్ను తిడతావు కదా. ఈ పొద్దు ఇది నిన్ను మోస్తుంది.”

రాయి నడుమ పెట్టగానే పుట్టి కుదురుకుంది. తెడ్డు వేశాను. ఉప్పు నీళ్ళు చేతికి బరువుగా, మెత్తగా తగిలాయి. బాగా లోపలికి పోయాక పుట్టిని తిప్పాను. తిలగవతి అక్క తల వెనక్కి వాల్చి నవ్వింది. ఇళవరసి ఆకాశం తిరుగుతోందని నవ్వింది. ఇంకొక సుట్టు, ఇంకొక సుట్టు అంటూ ఇద్దరూ తిప్పించారు. నేనూ నవ్వాను.

తిప్పడం ఆపాక ఒడ్డు చూశాను. కుటీరాలు చిన్నవయ్యాయి.

కిందికి చూశాను. అడుగున ఉన్న నాచు అంతా ఒకే వైపు వంగి ఉంది. అది చూపిస్తున్న వైపు పగడాల గట్టులో ఒక సందు ఉంది. సందు అవతల అలలు తెల్లగా విరుగుతున్నాయి. పైన నీరు అద్దంలా ఉంది. కింద నది పారుతోంది.

తెడ్డు వేశాను. మళ్ళీ వేశాను. పరిసల్ వాలు మీద పోవడానికి పుట్టింది. ఎదురు పోవడం దానికి రాదు. అలల చప్పుడు దగ్గరైంది.

“మామా, మనం ఎనక్కి పోతా ఉండామా?”

“పోతా ఉండాము.”

తిలగవతి అక్క నవ్వు ఆపేసింది. “మాదేషూ, ఆ సందు దాటితే పెద్ద సముద్రం.”

ఇళవరసి అప్పటికే సంచి ముడి విప్పుతోంది. పుట్టి కట్టే తాడు తీసి పైరాయి నడుమ, గింజలు పోసే కంతలో దూర్చింది. బట్టల తాడుకు వేసే ముడే వేసింది. అంచు మీద బోర్లా వాలి కిందికి చూసింది.

“పగడాల మీద వెయ్యొద్దు,” అంది అక్క.

“ఇసక కోసమే చూస్తా ఉండాను అక్కా. మామా, ఎడమ పక్కకు ఒక్క తెడ్డు. ఇంకొకటి. చాలు.”

రాయి వదిలింది. తాడు జరజరా జారింది. పుట్టి ఇంకా పోతూనే ఉంది. రాయి ఇసుకలో గీత గీస్తూ వెంట రావడం పైకి కనిపించింది. తరువాత అది ఇసుకలో దిగబడింది. తాడు బిర్రుగా లాగింది. పుట్టి ఒక పక్కకు ఒరిగి, ఊగి, నిలబడింది.

తాడు ముడినే చూస్తూ కూర్చున్నాము. అది జారలేదు.

“మాదేషూ,” అంది అక్క, “పొద్దున ఏం చూసి బాగుండాదంటివి?”

“రాయి పెట్టినాను అక్కా.” గులకరాయి సంగతి చెప్పాను.

ఆమె నన్నే చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఇళవరసి నా వైపు చూడకుండా ఖాళీ గోనెసంచి మడతపెట్టింది. మళ్ళీ విప్పి మడతపెట్టింది.

తిలగవతి అక్క మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది. “మా అవ్వ కూడా తుంబలహళ్లి డ్యాము కాడ అట్లే పెట్టేది. ఈడ నీళ్ళు ఎక్కినాక తిరిగి దిగేముందు కొంచెంసేపు నిలబడతాయి. నువ్వు సరిగ్గా అప్పుడు టీ తాగినావు. ఇది కావేరి కాదప్పా. ఈడ డ్యాము తెరిచేదీ మూసేదీ సందమామ. రోజూ ఆయన్ని అడిగి బయలుదేరాల.”

“ఇప్పుడేం చేసేది?”

“కూసోవాల. ఆయన మూసేదాకా.”

కూర్చున్నాము. సముద్రం దిగేకొద్దీ అడుగు మా వైపుకు లేచి వచ్చింది. చారల చేపలు, నీలం చేపలు, ముక్కు పొడుగు చేపలు పుట్టి నీడలో చేరాయి. జింక కొమ్ముల్లాంటి పగడాల మధ్య ఏదో ముడుచుకుని తెరుచుకుంది. ఇళవరసి ఒక్కొక్కదానికీ వత్తల్‌మలైలో తెలిసినవాళ్ళ పేరు పెట్టింది. మూతి ముడిచిన ఒక లావు చేపకు నా పేరు పెట్టింది.

ఒక తాబేలు వచ్చింది. పుట్టికి చేయంత దూరంలో తల పైకెత్తి, పెద్దగా ఊపిరి వదిలింది. ముసలివాళ్ళు కూర్చుంటూ వదిలే ఊపిరిలాగా ఉంది ఆ చప్పుడు. మమ్మల్ని తీరుబడిగా చూసి మళ్ళీ దిగింది.

తిలగవతి అక్క అది దిగిన చోటే చూస్తూ ఉంది. “ఈడనే పెరిగినాను,” అంది తరువాత. “దీని ఊపిరి ఇంత దగ్గర ఇనలేదు. మోటారు సద్దుకు ఇది యాడ పైకొస్తుంది?”

ఎండ పడమటికి వాలాక నాచు నిటారుగా లేచింది. కాసేపటికి పుట్టి తానుగా తాడు చుట్టూ సగం తిరిగి, ఒడ్డు వైపు ముఖం పెట్టింది. “మూసినాడు. పద,” అంది అక్క. రాయి పైకి లాగాను. ఒడ్డు దాకా నేను తెడ్డు వేసింది తక్కువ, సముద్రం తోసింది ఎక్కువ.

ఇసుక మీద దిగి, జాకెట్టు విప్పుతూ తిలగవతి అక్క చెప్పింది. “తిప్పేది ఒడ్డు కాడ మాత్రమే. కొన్నాళ్ళు నేను పొమ్మన్నప్పుడే పోవాల. అడుగున ఇసక ఉండే చోట రాయి ఏసి, జనాన్ని ఊరికే కూసోబెట్టాల. తాబేలు వస్తే వస్తుంది. అంతే పని. సరేనా?”

“సరే అక్కా.”

“ఆ రాయి పుట్టిలోనే ఉండనీ.”

“అది ఇయ్యను,” అంది ఇళవరసి. రాయి పెట్టిన సంచి అప్పుడే చంకలో ఉంది. “ఈయన రాళ్ళు కొట్టే వంశం అక్కా. ఇంకొకటి కొట్టుకుంటాడు.”

“కొట్టుకుంటాను,” అన్నాను.

ఆ సాయంత్రం ఆమె కిందిరాయి సంచిలో నుంచి తీసి కిటికీ పక్కన పెట్టింది. పైరాయి కడిగి తుడిచి దాని మీద కూర్చి, కొండ నుంచి తెచ్చిన రాగులు పోసింది. రాయి తిరుగుతున్న చప్పుడు, బయట నీళ్ళ చప్పుడు ఒకదానిలో ఒకటి కలిశాయి. సంకటి కెలికి, ముద్ద చేసి నా ముందు పెట్టింది. ఒక ముద్ద మింగి ఆమె వైపు చూశాను.

“ఉప్పు ఎక్కువేసినావు.”

“నేనెక్కడ వేసినాను?” అని తానూ ఒక ముద్ద తిని, రాయి వైపు చూసింది.

రెండో ముద్ద కూడా పెట్టించుకున్నాను.